పాతబస్తీకి ‘ఎకో’ తీసే ఆడవాళ్లు కావాలి

పాతబస్తీలో గుండె పరీక్షకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది గది తలుపు దగ్గరే ఆగిపోతారు. లోపల యంత్రం ఉంది, మంచం ఉంది. పక్కన స్టూలు మీద కూర్చున్నది మాత్రం మగవాడు. ‘‘లేడీస్ కోయీ నై క్యా, భాయ్?’’ అని వెంట వచ్చిన అత్తగారో తల్లో అడుగుతుంది. లేరమ్మా అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కొందరు డాక్టరు రాశాడు గనుక తప్పదని లోపలికి వస్తారు. కొందరు చీటీ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోతారు. ఆ స్టూలు మీద చాలా ఏళ్లుగా కూర్చుంటున్నవాణ్ని నేనే కనుక ఈ సంగతి రాయడానికి నాకు కొంత హక్కు ఉందనుకుంటాను.

ఇదంతా బురఖా వల్ల వచ్చిన చిక్కేనని తేల్చేసేవారున్నారు. అది నిజం కాదు. లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడల నుంచి వచ్చే ఇల్లాళ్లు కూడా పైట రెండు చేతులతో పట్టుకునే పడుకుంటారు. పరీక్షే అటువంటిది. రోగి ఎడమవైపుకు ఒత్తిగిలి, ఎడమ చెయ్యి తలకింద పెట్టుకోవాలి. ఛాతీ మీద బట్ట ఉండకూడదు. చల్లని జెల్లీ రాసిన ప్రోబును మొదట రొమ్ముటెముక పక్కన పక్కటెముకల సందులో, ఆ తర్వాత ఎడమ రొమ్ము కింద అదిమి పెట్టాలి. చీకటి గదిలో అరగంటసేపు జరిగే పని ఇది. పరాయి మగవాడి ముందు ఏ ఆడది నిశ్చింతగా ఉండగలదు?

నిశ్చింతగా లేకపోతే ఏమవుతుంది? బొమ్మ సరిగా రాదు. భయంతో బిగుసుకున్న మనిషి పూర్తిగా ఒత్తిగిలదు, ఊపిరి ఆపమంటే ఆపదు. మైట్రల్ కవాటం ద్వారం మామూలుగా నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. ఒకటిన్నరకు దిగితే జబ్బు తీవ్రమైనట్లే. ఆ ద్వారాన్ని సరిగ్గా కవాటం కొనల దగ్గరే కొలవాలి. కోత కాస్త పైకి జరిగితే ద్వారం ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపించి, జబ్బు చిన్నదనిపిస్తుంది. సంతకం పెట్టేది డాక్టరే అయినా, ఆయన ముందుకు వెళ్లేది మేము తీసిన బొమ్మే, మేము గీసిన కొలతే. మొహమాటంతో హడావుడిగా ముగించిన పరీక్షలు నా చేతి మీదుగా కూడా వెళ్లాయి. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఈ కవాటపు జబ్బు మగవారికన్నా ఆడవారిలోనే ఎక్కువ. చిన్నతనంలో గొంతునొప్పిగా మొదలై, కీళ్లవాతపు జ్వరంగా మారి, ఏళ్లు గడిచాక కవాటాన్ని అతికించేస్తుంది. ఇరుకు ఇళ్లలో, పదిమంది ఒక గదిలో పడుకునే చోట గొంతునొప్పి ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతుంది. మా వీధుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పెళ్లయ్యేదాకా పిల్ల కాస్త ఆయాసపడుతుందే తప్ప పెద్దగా బయటపడదు. గర్భం వచ్చాక ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. ఇరుకు ద్వారం ఆ రక్తాన్ని పంపలేదు. అది ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. కొత్తగా పెళ్లయింది. మేడమెట్లు ఎక్కితే రొప్పు వస్తోందని చీటీ రాయించుకుని వచ్చింది. తలుపు దగ్గర నన్ను చూసి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయింది. ఏడు నెలలు గడిచాక చక్రాల కుర్చీలో మళ్లీ వచ్చింది. అప్పటికి ఆరో నెల. పడుకోబెడితే ఊపిరాడదు. కూర్చోబెట్టే బొమ్మ తీశాను. ఈసారి లేడీస్ ఉన్నారా అని ఎవరూ అడగలేదు. పెద్ద ఆస్పత్రికి పంపితే బెలూనుతో కవాటం తెరిచారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. మొదటిరోజు నా స్టూలు మీద ఒక ఆడమనిషి ఉంటే బిడ్డ తప్పక బతికేదని నేను చెప్పలేను. గర్భం రాకముందే జబ్బు తెలిసేదని మాత్రం చెప్పగలను.

ఈ నగరానికి ఇది కొత్త ఆలోచన కాదు. గుండె ముందు ఆగుతుందా, శ్వాస ముందు ఆగుతుందా అని క్లోరోఫాం మీద 1888, 1889 సంవత్సరాల్లో ఇక్కడ డాక్టర్ లారీ ఆధ్వర్యంలో పరిశోధనలు జరిగాయి. వాటిలో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూన్జీ హైదరాబాదు వైద్య పాఠశాలలో చదువుకున్న ఆడమనిషి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో, జనానా ఆస్పత్రిలో మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసింది. అప్పటికి ప్రపంచంలో ఎకో యంత్రమే లేదు. స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనేవారు ఓడల కర్మాగారం నుంచి లోహంలో పగుళ్లు పట్టే పరికరాన్ని అరువు తెచ్చి గుండె మీద పెట్టి చూసింది 1953లో. నవాబుల కాలంలో ఆడవారికి ఆడ డాక్టరు కావాలని తెలిసిన ఊరికి, ఇప్పుడు ఆడ టెక్నీషియను కావాలని తెలియకపోవడం విచారకరం.

ఆడపిల్లలు రాత్రి డ్యూటీ చేయరని యాజమాన్యాలు అంటాయి. మరి ప్రతి వార్డులో రాత్రంతా మేలుకుని ఉండే నర్సులు ఎవరు? అవసరమైతే ఆయాను పక్కన నిలబెడుతున్నాం కదా అని మరో సమాధానం. ఆయా నిలబడుతుంది, నిజమే. ప్రోబు పట్టుకునేది ఆయా కాదు. అసలు అడ్డంకి జీతం దగ్గర ఉంది. కాంట్రాక్టు మీద, ఎప్పుడు తీసేస్తారో తెలియని ఉద్యోగానికి, భుజం అరిగిపోయే పనికి ఆడపిల్లను పంపడానికి ఏ తండ్రి ఒప్పుకుంటాడు? ఇంటరు తర్వాత పారామెడికల్ డిప్లొమాల్లో కార్డియాలజీ టెక్నీషియన్ కోర్సు ఉంది. 2021 నాటి కేంద్ర చట్టం ఈ తరహా వృత్తులకు గుర్తింపు కూడా ఇచ్చింది. మా బస్తీ అమ్మాయిలు బైపీసీ చదవడం లేదా? చదువుతున్నారు. వారికి ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు, ఇక్కడి తల్లుల భయం ఏమిటో కూడా తెలుసు.

ముందు ప్రసూతి ఆస్పత్రుల్లో ఒక్కొక్క పర్మనెంటు పోస్టు ఆడవారికి ఇవ్వాలి. ఆ లోగా, ఉన్న కొద్దిమంది ఆడ టెక్నీషియన్లను వారానికి రెండు రోజులు ఒకేచోట కూర్చోబెట్టి, ఏ రోజులో గేటు దగ్గర ఉర్దూ, తెలుగు బోర్డు మీద రాయించవచ్చు. ముందువైపు తెరుచుకునే నూలు గౌన్లు కుట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇంకొక చిన్న పని కూడా ఉంది. చీటీ రాసినవారి లెక్క ఓపీలో ఉంటుంది, పరీక్ష చేయించుకున్నవారి లెక్క మా రిజిస్టరులో ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, రానివారిలో ఆడవారెందరో, మగవారెందరో ఒక్క నెలకైనా విడివిడిగా లెక్క తీయమని అధికారులను కోరుతున్నాను. మా రిజిస్టరు ఎప్పుడు అడిగినా ఇస్తాను.