వాపు చాటున విరిగిన ఎముక

ఆ మధ్య ఒక పెద్దమనిషి తన మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్రవాడికి ఇరవై రెండేళ్లుంటాయి. మోటారుసైకిలుకు గేదె అడ్డం వచ్చి, బోర్లాపడి నెల దాటింది.

"అప్పుడే ఎక్స్‌రే తీయించామండీ. ఎముకలు బాగానే వున్నట్టున్నాయి, స్కాను కూడా తీయిస్తే మంచిదన్నారు. మావాడు లేచి తిరుగుతున్నాడు, అన్నం తింటున్నాడు. ఇంకా స్కాను దండగని వూరుకున్నాం. తీరా వాపు తీశాక చూస్తే యిదీ సంగతి!" అన్నాడాయన.

సంగతి చెప్పకుండానే తెలుస్తున్నది. కుర్రవాడి ఎడమ చెంప అణగిపోయింది. పైకి చూస్తే ఒకటి రెండుగా కనిపిస్తున్నదట. ఆ పక్క పైపెదవి మొద్దుబారింది.

ఇటువంటివారు ఇంకా వుంటారు కనుక ఈ వారం ఆ విషయమే ముచ్చటించుకుందాం.

మన ముఖంలో 14 ఎముకలున్నాయి. కింది దవడ తప్ప తక్కినవన్నీ ఒకదానితో ఒకటి బిగిసి వుంటాయి. కంటిగుంట అడుగున వుండే ఎముక మరీ పలచన, కాగితంతో పోల్చదగినది. దాని కింద వున్నది వట్టి గాలి గది. దెబ్బకు ఆ నేల కూలితే కంటి చుట్టూ వున్న కొవ్వు, ఒక్కొక్కప్పుడు కన్నును తిప్పే కండరం కూడా, ఆ కంతలోకి జారుతాయి.

ఎక్స్‌రే పటం ఒక నీడ. కాలి ఎముక నీడ విడిగా పడుతుంది. ముఖంలో అలా కాదు. ముందువీ వెనకవీ ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగమవుతాయి. ఆ గుంపులో సన్నని బీట దాక్కోవడం కష్టం కాదు.

సి.టి. స్కాను ఈ చిక్కు విడదీసింది. యంత్రం తల చుట్టూ తిరుగుతూ అన్ని వైపుల నుంచీ కిరణాలు పంపుతుంది. కంప్యూటరు లెక్కకట్టి, దోసకాయను చక్రాలుగా తరిగి చూపినట్లు, ముఖాన్ని మిల్లీమీటరు మందం పొరలుగా చూపుతుంది. ఆ పొరల్నే పేర్చి పుర్రె బొమ్మనంతా తెరమీద తిప్పి చూపగలదు కూడా. దీన్ని రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్ వైద్యుడు కాదు, ఇంజనీరు. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటి రోగికి మెదడు స్కాను తీశారు. 1979లో ఆయనకూ, ఇందుకు గణితం సమకూర్చిన కార్మాక్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది.

ఏ ముక్క ఎంత జరిగింది, కంటి నేల ఎంత మేర కూలింది, చెవి ముందున్న దవడ కీలు విరిగిందా, దెబ్బ పుర్రె అడుగుదాకా పోయిందా అన్నవి స్కానులో చూసుకునే, ఎక్కడ కోయాలో, ఎక్కడ పలక బిగించాలో శస్త్రవైద్యుడు నిర్ణయిస్తాడు.

అయితే స్కాను మొదటి పని కాదు. ముందు వూపిరి ఆడుతున్నదా, నెత్తురు కట్టిందా, మెడ భద్రమా అని చూడాలి. పైగా స్కాను మనిషిని పరీక్షించడానికి బదులు కాదు. పసివాళ్లలో ఎముక పచ్చికొమ్మలా వంగి, మళ్లీ మూసుకుంటుంది. మధ్యలో కండరం తలుపుసందున వేలు పడ్డట్టు చిక్కుకుంటుంది. కన్ను ఎర్రబడదు, వాపూ వుండకపోవచ్చు. పిల్లవాడు పైకి చూడలేడు, వాంతులు చేసుకుంటాడు. తలకు తగిలిన దెబ్బవల్లనని పొరబడడం సులభం. ఆలస్యమైతే ఆ కండరం చెడుతుంది. కన్ను తిప్పించి చూసిన వైద్యుడే స్కానులో ఆ సన్నని గీతను వెతుకుతాడు.

మామూలు ఎక్స్‌రే కన్న ఇందులో కిరణాలు ఎక్కువ. గీరుకున్న ప్రతివాడికీ అవసరం లేదు. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. కాని ప్రమాదం తరువాత పళ్లు మునుపటిలా కలవకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, చెంప మొద్దుబారినా, ముక్కునుంచి నీళ్లవంటి ద్రవం కారినా, వైద్యుడు స్కాను అంటే "తరువాత చూద్దాం" అనకండి. ముక్కు గట్టిగా చీదకండి. వాపు తీసేదాకా ఆగుదామనుకుంటే, ఈలోగా ఎముక వంకరగానే అతుక్కోవడం మొదలుపెడుతుంది.

మన కుర్రవాడికి జరిగింది అదే. మొదటి పది పదిహేను రోజుల్లో ఎత్తి నిలబెట్టగలిగిన ఎముకను, ఇప్పుడు మళ్లీ కోసి కదిలించవలసి వచ్చింది. చెంప చాలావరకు నిండింది. పైకి చూస్తే మాత్రం ఇంకా కొంచెం రెండుగానే కనిపిస్తున్నది.

వెళ్తూ వెళ్తూ ఆ మేనమామ, "ఆనాడు డబ్బు మిగిలిందనుకున్నాం డాక్టరుగారూ!" అన్నాడు. అతని చేతిలో కొత్త హెల్మెట్ వుంది. గడ్డందాకా కప్పేది.