స్లో మోషన్ నంబర్లకు అసలు పరీక్ష చేపపిల్ల దగ్గరే

ఫోన్ లాంచ్‌లో మెగాపిక్సెళ్ల తర్వాత గట్టిగా వినపడే నంబర్ 960 ఎఫ్‌పీఎస్. డెమోలో నీళ్ల బెలూన్ పగులుతుంది, మనం వావ్ అంటాం. కానీ ఆ నంబర్‌లో నిజమెంతో తేలాలంటే వేటాడే చేపపిల్లను షూట్ చేయాలి.

మా తల్లాడ వైపు చెరువుల్లో వానలు పడ్డాక కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి తిరుగుతాయి. గాలి కోసం పైకొచ్చి మళ్లీ మునుగుతాయి, కింద తల్లీ తండ్రీ చేపలు కాపలా ఉంటాయి. అలాంటి పిల్ల ఒకటి ఎరను పట్టడం మామూలు వీడియో తీస్తే ఏం కనపడుతుంది? ఒక ఫ్రేమ్‌లో పురుగు ఉంది, తర్వాతి ఫ్రేమ్‌లో లేదు. అంతే.

ఆ మధ్యలో ఏం జరిగింది?

దీన్ని బాగా కొలిచింది జీబ్రాఫిష్ పిల్లల్లో. మన దేశపు వాగుల్లో ఉండే చిన్న చేపే ఇది. ఇప్పుడు హైదరాబాద్ సీసీఎంబీతో పాటు ప్రపంచంలో ఎన్నో ల్యాబ్‌లలో పెంచుతున్నారు. 5 రోజుల వయసు, 4 మిల్లీమీటర్ల పొడవు ఉన్నప్పుడే వేట మొదలుపెడుతుంది. ముందు రెండు కళ్లూ ముక్కు వైపు తిరుగుతాయి. తర్వాత తోక చివర మాత్రమే 'జె' అక్షరంలా ఒక పక్కకు వంచి, ఒళ్లు కొంచెం కొంచెంగా ఎర వైపు తిప్పుకుంటుంది. చిన్న ఈత, ఆగడం, మళ్లీ చిన్న ఈత. గురి కుదిరాక ఒక్క దూకు, నోట్లోకి లాగేయడం.

తోక సెకనుకు 30 సార్లు ఊగుతోంది అనుకుందాం. 30 ఎఫ్‌పీఎస్ వీడియోలో ఊపు మొత్తానికి దక్కేది ఒక్క ఫ్రేమ్. 60లో 2, 240లో 8, 960లో 32. అంటే 240 నుంచే కథ అర్థమవడం మొదలవుతుంది.

తీసిన ఫ్రేమా, అల్లిన ఫ్రేమా?

2017లో సోనీ ఎక్స్‌పీరియా ఎక్స్‌జెడ్ ప్రీమియం సెన్సర్‌కే మెమరీ అతికించి 960 ఎఫ్‌పీఎస్ తీసింది. 720పీలో, అదీ దాదాపు 0.2 సెకన్లే. అంత కష్టమైన పని అది. మరి తక్కువ ధర ఫోన్ బాక్స్ మీద కూడా 960 ఎలా వస్తోంది? చాలాసార్లు సెన్సర్ తీసేది 120 లేదా 240. మిగతాది సాఫ్ట్‌వేర్ నింపుతుంది. 120ని 960 చేస్తే ప్రతి 8 ఫ్రేముల్లో 7 ఊహే.

పెళ్లి వీడియోలో పూలు జల్లేటప్పుడు ఆ ఊహ వల్ల నష్టమేం లేదు. కానీ మా ఊళ్లో సైన్స్ ఫెయిర్ ప్రాజెక్ట్ చేసే పిల్లాడికి హైస్పీడ్ కెమెరా ఎక్కడిది? ఇంట్లో ఉన్న ఫోనే వాడి ల్యాబ్. రెండు నిజమైన ఫ్రేముల మధ్య చేప తోక ఎటు వంగిందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అది నున్నగా గీసిన వంపును వాడు కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. లేని కదలికకు లెక్కలు కడతాడు. అందుకే సెన్సర్ నిజంగా తీసే ఎఫ్‌పీఎస్, ఎంతసేపు తీస్తుంది, ఏ రిజల్యూషన్‌లో అన్నవి బాక్స్ మీదే పెద్ద అక్షరాల్లో ఉండాలి. కింద చుక్క గుర్తు పెట్టి చిన్న అక్షరాల్లో దాచేది కాదు ఇది.

కొనేముందు ఇలా చూడండి

తిరిగే ఫ్యాన్‌ను గళ్ల కర్టెన్ ముందు స్లో మోషన్‌లో తీసి, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరపండి. రెక్క అంచులు కరిగినట్టు, గళ్లు వంకర పోయినట్టు ఉంటే ఆ ఫ్రేములు అల్లినవే. చేపలను తీసేటప్పుడు గాజు సీసాలో ఉంచి పగటి వెలుతురులో తీయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, వీడియోలో చారలు పడతాయి. పని అయ్యాక పిల్లలను మళ్లీ చెరువులో వదిలేయండి.

నా వరకైతే అల్లిన 960 కంటే నిజమైన 240, 1080పీలో ఉన్న ఫోనే కొంటాను. మీరూ షాపులో 'ఎంత' అని అడిగాక 'నిజంగా ఎంత' అని ఇంకోసారి అడగండి.