డిశ్చార్జి చీటీ రాశాక ఎక్కడికి?

పేదవాడికి వైద్యం దొరకదని మనం తరచూ అంటుంటాం. ఇల్లు లేనివారి విషయంలో అది సగం నిజమే. గాంధీ, ఉస్మానియా వంటి పెద్దాసుపత్రులు ఫుట్‌పాత్ మీద నుంచి 108 తెచ్చిన మనిషికీ కాలికి రాడ్ వేస్తాయి, కుళ్లిన వేలు తీసేస్తాయి. చిక్కంతా ఆ తరువాత. ఆరు వారాలు కాలు మోపవద్దు, రోజు విడిచి రోజు కట్టు మార్పించుకో, పుండు తడవనీయకు అని చెప్పి పంపిస్తారు. బయట ఇంకొక రోగి మంచం కోసం చూస్తున్నాడు కనుక వైద్యులను తప్పుపట్టలేం. ఆ మనిషి మాత్రం మళ్లీ ఆ ఫ్లైఓవర్ కిందికే చేరతాడు.

అక్కడ మందులు వాడటం ఎలాగో ఒక్కసారి ఆలోచించండి. ఇన్సులిన్ చల్లగా ఉండాలి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లో, ఆస్తి అంతా ఒక సంచీలో పెట్టుకున్నవాడు దాన్ని ఎక్కడ దాచుకుంటాడు? బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలతో మాటిమాటికీ మూత్రం వస్తుంది. రాత్రి మరుగుదొడ్డికి తాళం పడే చోట పడుకునే స్త్రీ ఆ మాత్ర మానేస్తే అది అజ్ఞానం కాదు. క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. ఈలోగా ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని రోడ్డు శుభ్రం చేస్తే సంచీతోపాటు మందులూ చీటీలూ చెత్తబండి ఎక్కుతాయి. ఇవేమీ చూడకుండా ‘వీళ్లు మందులు సరిగా వాడరు’ అని తేల్చేస్తాం.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచింది. సంతోషమే. కానీ అందుకు రేషన్ కార్డు, రేషన్ కార్డుకు చిరునామా కావాలి. క్షయ రోగి ఆహారానికి ఇచ్చే నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2011 జనగణన లెక్కలో ఇల్లు లేనివారు దేశంలో 17.7 లక్షల మంది. నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం, అదీ 24 గంటలూ తెరిచి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి జనాభా ప్రకారమే హైదరాబాద్‌కు 67 కావాలి. ఆ సంఖ్యకు మనం చాలా దూరంలో ఉన్నాం.

1985లో అమెరికాలోని బోస్టన్‌లో ఇల్లు లేనివారికి వైద్యం చేయడానికి జిమ్ ఓకానెల్ అనే యువ వైద్యుడు వచ్చాడు. ఆశ్రయంలోని నర్సులు ఆయన స్టెతస్కోపు పక్కన పెట్టించి, ముందు వచ్చినవారి పాదాలు నీళ్లలో నానబెట్టి కడగమన్నారు. ఈ సంగతి ప్రసంగాలకు బాగుంటుంది, కానీ మేము చూపదలచింది వేరొకటి. వారు ఆసుపత్రికీ వీధికీ నడుమ మంచాలు వేశారు. ఆసుపత్రిలో ఉంచేంత జబ్బు లేక, వీధిలో కోలుకునేంత బలమూ లేనివారి కోసం. ఇప్పుడు అలాంటి ఇంటికి ఆ నర్సులలో ఒకరైన బార్బరా మెకిన్నిస్ పేరే ఉంది.

మంచి సమరయుడు గాయాలు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్ల ఇంట్లో దింపి, తరువాతి రోజుల ఖర్చు కూడా ఒప్పుకున్నాడు. మన సంఘాలు డిసెంబరులో దుప్పట్లు పంచుతాయి, ఫొటోలు దిగుతాయి. దుప్పటి మంచిదే. అయితే సికింద్రాబాద్‌లో గాంధీ ఆసుపత్రి చుట్టుపక్కల ఎన్ని మందిరాల్లో సండేస్కూల్ గదులు వారంలో ఆరు రోజులు తాళంతో ఉంటున్నాయి?

తాగి వస్తే? మన దగ్గరే చనిపోతే? సంఘ పెద్దలు ఇలా అడుగుతారు, అడగవలసిందే. క్షయ ఇంకా అంటే దశలో ఉన్నవారిని పిల్లలు కూర్చునే గదిలో ఉంచకూడదు కూడా. కాలు విరిగినవారితో మొదలుపెట్టవచ్చు. ఆసుపత్రి నుంచి ఉత్తరం తీసుకుని, స్థానిక పోలీసు స్టేషన్‌లో చెప్పి, రెండు మంచాలు వేస్తే చాలు. కట్టు మార్చడానికి బస్తీ దవాఖానా ఉంది, అక్కడ డబ్బు అడగరు. రాత్రి తోడుండటానికి మాత్రం యవ్వనస్థుల కూటమిలో ఎవరో ఒకరు వంతులు వేసుకోవాలి.