ముట్టుకుంటేనే బాగుపడేది

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు చదువు విలువ గురించి రాయాలా, క్రమశిక్షణ గురించి రాయాలా అని మేము కాసేపు ఆలోచించాము. వాటి గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. అందుకని మేము కంప్యూటర్ గురించి, అందులోనూ మొరాయించే కంప్యూటర్ గురించి రాయదలచుకున్నాము. ఇదేమంత పెద్ద విషయమని ఎవరైనా అనుకుంటే, చివరి తేదీ రోజున దరఖాస్తు ఆగిపోయిన కుర్రవాడిని అడిగి చూడండి.

మేము పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రంకుపెట్టె, పళ్లెం, గ్లాసు పట్టుకొని హాస్టల్లో చేరినవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ గడప దాటింది మేమే మొదలు. ఇప్పుడు తిరుపతిలో పీజీ చదువుతున్నాము. మేము మొట్టమొదట కంప్యూటర్‌ను చూసినప్పుడు దాని మీద గుడ్డ కప్పి ఉంది, గదికి తాళం వేసి ఉంది. ఎప్పుడో ఒకసారి వరుసలో నిలబెట్టి చూపించేవారు. "ముట్టుకోవద్దు, పాడైపోతుంది" అన్నదే మేము నేర్చుకున్న మొదటి కంప్యూటర్ పాఠం. అందులో సార్ల తప్పు కూడా లేదు. పాడైతే పైవాళ్లకు జవాబు చెప్పుకోవలసింది వాళ్లే కదా! ఇంటికి పోయి చెబితే మాలో ఒకరి నాయన కూడా అదే మాట అన్నాడు: "ఒరే అబ్బయ్యా, దాని జోలికి పోవాకు. చెడిపోతే యాడ తెచ్చి కట్టేది?"

ముట్టుకోవద్దు అనే మాట మన ఇళ్లకు కొత్తది కాదు. బావి దగ్గర, గుడి దగ్గర, టీ గ్లాసు దగ్గర మన తాతలు విన్న మాటే. అందుకే ఆ మాట ఎవరు ఏ ఉద్దేశంతో అన్నా మన చెయ్యి దానంతట అదే వెనక్కు పోతుంది. మన పిల్లలు కంప్యూటర్ ముందు వెనకబడుతున్నది తెలివి లేక కాదు, ఈ వెనక్కు పోయే అలవాటు వల్లనే అని మా అభిప్రాయం.

ఒక సంగతి చెబుతాము. మాలో ఒకడు ఒక కోర్సుకు దరఖాస్తు పెట్టడానికి చివరి రోజు సాయంత్రం ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాడు. సగం నింపాడో లేదో తెర నీలంగా మారింది. అప్‌డేట్ జరుగుతోంది, ఆఫ్ చేయవద్దు అని వచ్చింది. ముప్పై శాతం దగ్గర ఆగిపోయి ఎంతసేపటికీ కదల్లేదు. సెంటర్ ఆయన విసుగెత్తి స్విచ్ తీసేశాడు. మళ్లీ వేస్తే ఆన్ కాలేదు. మావాడు తన వల్లే పాడైందేమో, డబ్బులు కట్టమంటారేమో అని భయపడి, పక్క కంప్యూటర్ ఇవ్వండి అని కూడా అడగకుండా బయటికి వచ్చేశాడు. గడువు పోయింది. ఆ వేసవిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలు మోసి, మరుసటి సంవత్సరం చేరాడు. ఒక నీలం తెరకు ఒక ఏడాది చెల్లించాడన్న మాట!

విండోస్ 10లో యాక్టివ్ అవర్స్ అనే ఏర్పాటు ఉందని మాకు తర్వాత తెలిసింది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ దగ్గరికి పోయి మనం పనిచేసే గంటలు చెబితే, ఆ గంటల్లో అది తనంతట తాను రీస్టార్ట్ కాదు. రెండు నిమిషాల పని. కాని ముట్టుకోవద్దని నేర్చుకున్నవాడు సెట్టింగ్స్ ఎందుకు తెరుస్తాడు?

అలాగని అప్‌డేట్లు మొత్తం ఆపేద్దామా అంటే అదీ తప్పే. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి డాలర్లు అడిగింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి, వాటిలో మన చిత్తూరు జిల్లావి కూడా ఉన్నాయి. అప్పుడు మేము తొమ్మిదో తరగతి అయిపోయి వేసవి సెలవుల్లో ఉన్నాము. ఆ వైరస్ దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చి 14న, అంటే రెండు నెలల ముందే విడుదల చేసింది. వేసుకున్న యంత్రాలు బతికాయి, వేసుకోని వాటికే ముప్పు వచ్చింది.

పెద్ద కంపెనీల కంప్యూటర్లు మొరాయించవనుకోవడం కూడా భ్రమే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెరతో నిలిచిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో సైతం బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఇంతకూ మరమ్మతు ఏమిటి? చాలాచోట్ల ఒక్కొక్క యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైలును తీసేయడమే! కోట్ల రూపాయల కంపెనీల ఇంజనీర్లు చేసిన ఆ పనికి కావలసిన సేఫ్ మోడ్ మన హాస్టల్ కంప్యూటర్‌లోనూ ఉంది. షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ చేస్తే ట్రబుల్‌షూట్ అనే మాట కనిపిస్తుంది. దారి అక్కడి నుంచే మొదలు.

తమ్ముళ్లకు పనికివస్తాయని, మేము దెబ్బతిని నేర్చుకున్నవి మరికొన్ని రాస్తున్నాము.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారితే ఫైళ్లు పోయాయని ఏడవవద్దు, ఫార్మాట్ చేయవద్దు. వైరస్ చాలాసార్లు వాటిని దాచిపెడుతుంది, చెరిపివేయదు. ఆ షార్ట్‌కట్‌లను నొక్కకుండా ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, ఆ తర్వాత దాచిన ఫైళ్లను చూపించే ఆప్షన్ పెట్టండి.

ఏ వెబ్‌సైట్ తెరిచినా భద్రత లేదు అని వస్తే ముందు తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ అయిపోతే గడియారం పాత సంవత్సరానికి పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది కాబట్టి, తేదీ తప్పితే కంప్యూటర్ వాటిని నమ్మదు. సిఆర్ 2032 అని అడిగితే ఆ బ్యాటరీ దుకాణాల్లో దొరుకుతుంది.

ఆన్ చేస్తే బీప్ శబ్దాలు వచ్చి తెర నల్లగా ఉంటే, కరెంటు వైరు పూర్తిగా తీసేసి, ర్యామ్ బిళ్లను బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ గట్టిగా అమర్చి చూడండి. ఎన్నోసార్లు అంతటితోనే సరిపోతుంది.

తెలుగు రాత అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనబడితే ఫైలు చెడిపోలేదు. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలను కూర్చోబెడతాయి. ఆ ఫాంట్ లేని యంత్రంలో అసలు స్థానాలే బయటపడతాయి. యూనికోడ్‌లో మాత్రం తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలు ఉన్నాయి. "అ" సంఖ్య 3077. ఏ దేశంలో తెరిచినా అది "అ"గానే ఉంటుంది. కాబట్టి వచ్చే సంచికకు రచనలు యూనికోడ్‌లోనే టైపు చేయమని మా మనవి.

ఇక అందరినీ వేధిస్తున్న ప్రశ్న. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న సొంత కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. దాతలు ఇచ్చే పాత యంత్రాల్లో చాలావాటికి ఆ అర్హత లేదు. మీటలు పనిచేస్తున్నాయి, తెర వెలుగుతోంది, అయినా పనికిరావట! బాగున్న ఎద్దును కొమ్ము వంకరగా ఉందని కబేళాకు తోలడం లాంటిది ఇది. మేము దీన్ని ఒప్పుకోము.

దీనికి మారుదారి లినక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టినది. అప్పుడు ఆయన వయసు 21 సంవత్సరాలు, మనకంటే పెద్దవాడేమీ కాదు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు దానిమీదే నేర్చుకుంటున్నారు. మన తెలుగు నేల మీద స్వేచ్ఛ అనే సంస్థ దాన్ని తెలుగులో అందించడానికి పనిచేసింది. పాత యంత్రాలకు తేలికైన రకాలు ఉచితంగా దొరుకుతాయి. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, నచ్చితేనే లోపల వేసుకోవచ్చు. కష్టాలు లేవని మేము అనము. అను ఫాంట్ల సాఫ్ట్‌వేర్ నేరుగా నడవదు, కొన్ని ప్రింటర్లు మొండికేస్తాయి. అయినా మూలన పడి ఉండే యంత్రం కన్నా, కుంటుతూ నడిచే యంత్రం మేలు కదా!

"చేతిలో సెల్‌ఫోన్ ఉండగా డెస్క్‌టాప్ ఎందుకన్నా?" అని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నారు. 2017 నుంచి మన ఎంసెట్ కంప్యూటర్ మీదే జరుగుతోంది. పరీక్ష హాలులో మౌస్‌ను మొదటిసారి పట్టుకున్నవాడికీ, ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడికీ గడియారం ఒకటే తిరుగుతుంది. సెల్‌ఫోన్ చూడటం నేర్పుతుంది గాని, చెడినదాన్ని బాగుచేసుకునే ధైర్యం మాత్రం నేర్పదు.

కాబట్టి మా మనవి రెండు. మొదటిది తమ్ముళ్లకు. హాస్టల్ కంప్యూటర్ పక్కన ఒక నోటుపుస్తకాన్ని దారం కట్టి వేలాడదీయండి. తేదీ, తెర మీద వచ్చిన మాటలు ఉన్నది ఉన్నట్టుగా, మీరు చేసిన పని, దాని ఫలితం అని నాలుగు గడులు గీయండి. ఇంగ్లీషు అర్థం కాకపోయినా అక్షరం అక్షరం ఎక్కించండి. ఆ మాటలను వెతికితే దారి దొరుకుతుంది. "ఏదో వచ్చింది, పోయింది" అంటే ఎవరూ బాగుచేయలేరు. పనికి ముందు ముఖ్యమైన ఫైళ్లు రెండుచోట్ల దాచుకోండి. అప్పుడు తప్పు చేసినా భయం ఉండదు.

రెండవది పూర్వ విద్యార్థులకు. మీరు ఇచ్చే పాత కంప్యూటర్లకు కృతజ్ఞతలు. దానితోపాటు సంవత్సరానికి రెండు ఆదివారాలు కూడా ఇవ్వండి. వచ్చి మీరే బాగుచేసి వెళ్లిపోకండి. మీరు పక్కన కూర్చోండి, స్క్రూడ్రైవర్ పిల్లల చేతికి ఇవ్వండి.

ఆ నోటుపుస్తకం కొని ఈ వార్షికోత్సవానికి మేమే తెస్తున్నాము. మొదటి పేజీలో ఆ నీలం తెర కథే రాశాము. దుమ్ము పడకుండా కంప్యూటర్ మీద గుడ్డ కప్పుదాం, మంచిదే. తాళం మాత్రం వద్దు.