రాయితీకి గడువుంది, రైతుకు లేదేం?

పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా ముంబయి హైవే పొడవునా ఇప్పుడు పరిశ్రమల మాటే. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం జహీరాబాద్ పారిశ్రామిక స్మార్ట్ సిటీకి ఆమోదం తెలిపింది. 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయల అంచనా. రోడ్లు, నీళ్లు, కరెంటు అన్నీ ముందే సిద్ధం చేసి కంపెనీలకు ప్లాట్లు ఇస్తారట. మంచిదే. మరి ఆ భూమి వదులుకునే న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల రైతుకు, కూలీకి ముందే సిద్ధం చేసింది ఏమిటి?

పెట్టుబడి పెట్టేవారికి ఉన్న భరోసా చూడండి. 2014 నాటి టీఎస్ ఐపాస్ చట్టం ప్రకారం భారీ పరిశ్రమకు 15 రోజుల్లో, మిగతా వాటికి 30 రోజుల్లో అనుమతులు రావాలి. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు వెయ్యి రూపాయల జరిమానా. అదే ఏడాది వచ్చిన టీ-ఐడియా విధానం కింద స్టాంపు డ్యూటీ వాపసు, చిన్న పరిశ్రమలకు ఐదేళ్లపాటు కరెంటు యూనిట్‌కు రూపాయి వాపసు ప్రకటించారు. ఇదంతా ప్రజల సొమ్మే.

రైతుకూ చట్టం ఉంది. పూర్తి పరిహారం చెల్లించాకే భూమి స్వాధీనం చేసుకోవాలని 2013 భూసేకరణ చట్టం 38వ సెక్షన్ చెబుతోంది. కానీ జహీరాబాద్ నిమ్జ్‌కు 12,635 ఎకరాలు కావాలనుకున్నప్పుడు ఏం జరిగింది? 2015లో 123 జీవో తెచ్చి ఆ చట్టాన్ని పక్కన పెట్టారు. భూమిలేని కూలీల ఊసే అందులో లేదు. కూలీలే కోర్టుకెక్కితే 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టివేశారు.

ఫ్యాక్టరీ ముందు, శుద్ధి తర్వాత అంటే ఏమవుతుందో పటాన్‌చెరు చూపించింది. 1970లలో మొదలైన పారిశ్రామికవాడకు ఉమ్మడి శుద్ధి కేంద్రం 1990లలో గానీ రాలేదు. ఈలోగా మంజీరలో కలిసే నక్కవాగు విషమైంది, వాగు పక్క బోర్లు, పొలాలు పాడయ్యాయి. 1990లోనే వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. శుద్ధి కేంద్రం వచ్చాకైనా కష్టం తీరిందా? అక్కడి నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు, దాన్ని వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువగా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. కంపెనీకిచ్చిన రాయితీకి లెక్క ఉంది. రైతు పోగొట్టుకున్న వాగుకు లెక్క కట్టిందెవరు?

పరిశ్రమలు రావద్దని మనం అనడం లేదు. మన పిల్లలకూ ఉద్యోగాలు కావాలి. మనం అడిగేవి మూడే.

ఒకటి, రాయితీ సొమ్ము విడుదల చేసే ముందు గ్రామసభలో లెక్క చెప్పాలి. భూమి ఇచ్చినవారికి, కూలీలకు డబ్బు అందిందా? స్థానికులు ఎందరు పనిలో ఉన్నారు? మురుగునీటి శుద్ధి నడుస్తోందా? లెక్క తేలకపోతే రాయితీ ఆపాలి.

రెండు, పరిహారం ఆలస్యమైతే బాధ్యుడైన అధికారికి అదే రోజుకు వెయ్యి జరిమానా పడాలి.

మూడు, కొత్త ప్లాట్లలో కొంత వాటా ఇక్కడి అల్లం, చెరకు, చిరుధాన్యాలు శుద్ధి చేసే యూనిట్లకు, గోదాములకు, రైతుల ఉత్పత్తిదారుల సంఘాలకు ఇవ్వాలి. పైపెచ్చు కంపెనీకిచ్చిన రాయితీలే వాటికీ ఇవ్వాలి.

ప్రతి గ్రామ కమిటీ ఈ మూడింటినీ కాగితం మీద రాసి, వచ్చే గ్రామసభలో తీర్మానం చేయించాలి. నోటిమాటగా అడిగితే నోటిమాటే జవాబుగా వస్తుంది. తీర్మానం నకలు చేతికి తీసుకున్నాకే సభ నుంచి కదలండి.