అడవికి మొక్క బదులు కాదు

అటవీ భూమిని గనికో, జలాశయానికో, రహదారికో ఇవ్వాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి ఉండాలి. ఆ అనుమతి వెంట షరతులుంటాయి. పోయిన అడవికి సమానంగా మరోచోట అటవీయేతర భూమి చూపించి మొక్కలు నాటాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థల వంటి వాటికైతే క్షీణించిన అటవీ భూమిలోనే రెట్టింపు విస్తీర్ణంలో నాటినా సరిపోతుంది. నరికిన అడవికి లెక్కగట్టిన విలువను నిధికి జమచేయాలి. పరిహార వనీకరణ అనే ఈ ఏర్పాటు అడవిని అడిగేవారికి కళ్లెం వేయడానికి వచ్చింది. కానీ నాలుగు దశాబ్దాలలో అదే వారి చేతికి అనుమతి పత్రమైంది. ప్రతి ప్రాజెక్టు ఫైలులోనూ ఇన్ని లక్షల మొక్కలు నాటుతాం అన్న ఒక్క మాటతో అడవి ప్రశ్న ముగిసిపోతోంది. ఈ లెక్క మూలంలోనే తప్పు. మొక్కల హామీని చూపి సహజ అడవిని నరికే పద్ధతికి ప్రభుత్వాలు స్వస్తి చెప్పాలి.

ఎందుకు తప్పో తెలియాలంటే నరికేచోట ఏముందో చూడాలి. నల్లమల, పాపికొండల వంటి అడవుల్లో టేకు ఒక్కటే ఉండదు. మద్ది, ఏగి, తిరుమాను, తునికి, ఇప్ప, మోదుగ, ఉసిరి, కరక్కాయ, వెదురు, వాటికి అల్లుకున్న తీగలు, కింద గడ్డి, దాని కింద ఏళ్ల తరబడి రాలిన ఆకు కుళ్లి ఏర్పడిన నల్లటి పొర ఉంటాయి. వానాకాలంలో చినుకు నేరుగా నేలను కొట్టకుండా కొమ్మా ఆకూ ఆపుతాయి. ఆ కుళ్లిన పొర నీటిని పీల్చుకుని మెల్లగా లోపలికి వదులుతుంది. కొండవాగుల్లో వానలు తగ్గాక కూడా కొన్ని నెలలు నీళ్లు పారేది అందుకే. కొండ బోడి అయితే అదే వాన గంటల్లో మట్టిని కోసుకుని దిగువ చెరువుల్లో పూడిక నింపుతుంది. ఇక ఆ అడవిని నమ్ముకున్న చెంచులు, కొండరెడ్లు, కోయల సంగతి. తేనె, ఇప్పపువ్వు, చిల్లగింజలు, నల్లజీడి గింజలు, తునికాకు ఒక్కొక్కటి ఒక్కో నెలలో చేతికొచ్చి ఏడాది పొడవునా ఇల్లు గడుపుతాయి. వరుసలు తీసి నాటిన నీలగిరి (జామాయిల్) తోటలో ఈ ఏర్పాటులో ఏదీ ఉండదు. రైతు తన చెలకలో జామాయిల్ వేసుకుంటే అది పంట, దానిపై ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. అదే జామాయిల్‌ను పోయిన అడవికి బదులుగా చూపించడమే అభ్యంతరకరం. నీళ్ల కరవు చూసి కర్ణాటక 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్నే నిషేధించాల్సి వచ్చింది.

ఆ మొక్కలైనా నాటుతున్నారా? కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2013లో ఇచ్చిన నివేదిక దీనికి జవాబు చెప్పింది. 2006 నుంచి 2012 వరకు అటవీ శాఖలకు అందాల్సిన అటవీయేతర భూమి 1,03,381 హెక్టార్లు. అందింది 28,086 హెక్టార్లు. మొక్కలు నాటింది 7,280 హెక్టార్లలో, అంటే రావాల్సిన భూమిలో ఏడు శాతం. అప్పట్లో నిధులు కేంద్రం దగ్గర పేరుకుపోవడమే కారణమని చెప్పారు. 2016లో పరిహార వనీకరణ నిధి చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు రూ.47 వేల కోట్లకు పైగా బదలాయించింది. అందులో తెలంగాణ వాటాయే రూ.3 వేల కోట్లు దాటింది. కనుక డబ్బు కొరత ఇక సాకు కాదు. అయినా ఎంత నాటారన్నదే లెక్కకెక్కుతోంది, పదేళ్ల తర్వాత ఎంత బతికిందన్న లెక్క ప్రజల ముందుకు రావడంలేదు. దశాబ్దాలపాటు మొక్కలు నాటిన హిమాచల్ ప్రదేశ్‌లో పరిశోధకులు ఆ తోటలను పరిశీలించి 2021లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ అడవి పందిరి చెప్పుకోదగినంత పెరగలేదు. ఊరివాళ్లకు మేతకూ వంటచెరకుకూ పనికొచ్చే వెడల్పాకు చెట్ల వాటా తగ్గింది. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన మరో విశ్లేషణ ప్రకారం సహజంగా తిరిగి పెరగనిచ్చిన అడవి, కలప తోటలకన్నా దాదాపు 40 రెట్లు ఎక్కువ కార్బన్‌ను నిల్వ చేస్తుంది. తోటను కొన్నేళ్లకొకసారి కొట్టి అమ్ముతారు, అది దాచుకున్న కార్బన్ మళ్లీ గాలిలోకే పోతుంది.

దేశంలో అడవి పెరుగుతోందని ఉపగ్రహ చిత్రాలే చెబుతున్నాయి కదా అని అడిగేవారున్నారు. భారత అటవీ సర్వే 2023 నివేదిక ప్రకారం అడవులూ చెట్లూ కలిసి దేశ విస్తీర్ణంలో 25.17 శాతం. అంకె నిజమే, అది దేనిని కొలుస్తుందో చూడాలి. హెక్టారుకు తగ్గని విస్తీర్ణంలో పది శాతం పైగా పందిరి ఉంటే అది అటవీ విస్తీర్ణం కిందికి వస్తుంది. భూమి ఎవరిదైనా, చెట్టు ఏ జాతిదైనా తేడా లేదు. మామిడి తోట, కొబ్బరి తోట, నీలగిరి తోట, నల్లమల నడిబొడ్డు ఒకే ఖాతాలో చేరతాయి. ఒకవైపు వందేళ్ల అడవి పోయి, మరోవైపు ఐదేళ్ల తోట వస్తే మొత్తం మారదు. నష్టం మాత్రం కనబడకుండా పోతుంది. సహజ అడవినీ, నాటిన తోటలనూ విడివిడిగా చూపించనంతకాలం ఆ శాతాన్ని చూపి ఎవరూ నిశ్చింతగా ఉండలేరు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. సాగునీరు కావాలి, కరెంటు కావాలి, పరిశ్రమలు కావాలి, భూమి ఎక్కడి నుంచి తేవాలి? ఇది న్యాయమైన ప్రశ్న. తప్పనిసరిగా అడవి తీసుకోవాల్సిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు కూడా ఆ నష్టం తీరేది కాదని ఒప్పుకుని, ప్రత్యామ్నాయాలన్నీ వెతికాకే అడుగు వేయాలి. మొక్కల హామీ ఈ వెతుకులాటనే చంపేస్తోంది. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, పట్టణం కోసం 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యాన్ని మళ్లిస్తూ, దానికి పరిహారంగా ఎక్కడో హర్యానాలో మొక్కలు నాటుతామన్నారు. ద్వీపపు తోలు తాబేలుకూ, అక్కడి షోంపెన్ ఆదివాసులకూ ఆ మొక్కలతో ఏం సంబంధం? మన ముందే కంచ గచ్చిబౌలి ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన నాలుగు వందల ఎకరాల్లో 2025 మార్చి చివర బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేలోగా దాదాపు వంద ఎకరాల చెట్లు నేలకూలాయి. కొన్ని రోజుల్లో కూలిన దానిని తిరిగి తెచ్చే ప్రణాళిక ఇవ్వండని కోర్టు రాష్ట్రాన్ని అడిగింది. కూల్చడానికి పట్టిన కాలానికీ, తిరిగి పెంచడానికి పట్టే కాలానికీ మధ్య ఉన్న దూరమే ఈ మొత్తం వాదానికి సాక్ష్యం.

మొక్కలు నాటడం వృథా అని మా ఉద్దేశం కాదు. నగర వీధికి నీడ కావాలి, చేనుగట్టుకు చెట్టు కావాలి. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం రోడ్లకిరువైపులా పచ్చదనం తెచ్చిన మాట వాస్తవం. అదే కార్యక్రమంలో త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ విరివిగా నాటి, తర్వాత ప్రభుత్వమే దానిని ఆపాల్సి వచ్చిన మాట కూడా వాస్తవం. నేలకు ఏం కావాలో తెలుసుకుని చేస్తే ఫలితం వేరుగా ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పాడైన మడ అడవుల కోసం ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాల వన సంరక్షణ సమితులు కలిసి పనిచేశాయి. ఉప్పు పేరుకుని చచ్చిన నేలకు ఆటుపోట్ల నీరు మళ్లీ అందేలా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. ఆ తర్వాతే మొక్కలు నాటారు. మడ మళ్లీ లేచింది. మెట్ట అడవుల్లో ఇంత కష్టం కూడా అక్కర్లేదు. టేకు, మోదుగ, తునికి వంటివి నరికిన మోడు నుంచీ, నేలలోని వేరు నుంచీ తిరిగి చిగురిస్తాయి. వేసవిలో మంటల నుంచి, కొన్నేళ్లు మేత నుంచి కాపాడితే చాలు. గుంతకు ఇంత అని బిల్లు పెట్టే వీలులేని పని కాబట్టే దీనికి ఆదరణ తక్కువ.

ఇంకో మాట చెప్పకుండా వదలకూడదు. పరిహారానికి భూమి దొరకనప్పుడు అటవీ శాఖ చూపు పోడు భూములపై పడుతోంది. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన అటవీ అధికారిణిపై జరిగిన దాడి ఏ విధంగానూ సమర్థనీయం కాదు. కానీ ఎక్కడో నరికిన అడవి బాకీని మరొక పల్లె సాగుభూమిలో వసూలు చేసే విధానం కింది ఉద్యోగినీ, రైతునూ ఎదురెదురుగా నిలబెడుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాన్ని గౌరవిస్తే ఈ ఘర్షణలో చాలాభాగం తప్పుతుంది. 2022 నాటి అటవీ సంరక్షణ నియమాలు మాత్రం ఆ హక్కుల చట్టం అమలును కేంద్ర అనుమతి తర్వాత రాష్ట్రాలు చూసుకునే పనిగా వెనక్కి నెట్టాయి.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, కేంద్రాన్నీ కోరుతున్నాం. దట్టమైన సహజ అడవిని పరిహార వనీకరణ మాటతో మళ్లించే ప్రతిపాదనలను తిరస్కరించండి. గ్రామసభ ఒప్పుకున్నాకే ఫైలు ఢిల్లీకి కదలాలి. తప్పనిసరి అయిన చోట, అదే జిల్లాలో, అదే జాతుల చెట్లతో ముందుగా అడవి తేరుకున్నాక మాత్రమే గొడ్డలికి అనుమతి ఇవ్వాలి. ఇప్పటివరకు నాటిన ప్రతి పరిహార తోటలో ఈనాటికి ఎన్ని చెట్లు బతికున్నాయో సర్వే నంబర్లతో సహా అటవీ శాఖలు ఈ ఏడాదే ప్రకటించాలి. ఆ లెక్క బయటికి వచ్చేదాకా కొత్త అనుమతి ఒక్కటి కూడా ఇవ్వకూడదు.