ఇంటర్వ్యూలో 'సినిమా' మాటలు

హాబీ ఏమిటంటే మనలో చాలామంది 'వాచింగ్ మూవీస్' అనేస్తారు. మంచిదే. చిక్కంతా తర్వాతి ప్రశ్నతోనే: 'ఈమధ్య చూసినదాని గురించి చెప్పండి.'

నెల్లూరు తీరానికి సినిమా కొత్త కాదు. మనసుకవి ఆత్రేయ పుట్టిన మంగళంపాడు సూళ్లూరుపేట దగ్గరిదే. 2019లో భారీ తెరతో థియేటర్ తెరిచిందీ ఆ సూళ్లూరుపేటలోనే. అయినా మనం ఇంగ్లిష్ అనుకొని వాడే సినిమా మాటలన్నీ ఇంటర్వ్యూ గదిలో పనికిరావు.

'ఐ సా ఎ సినిమా' అనకండి. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో సినిమా అంటే ముందుగా గుర్తొచ్చేది హాలు. మీరు చూసింది ఫిల్మ్ లేదా మూవీ. మన హీరో అక్కడ 'లీడ్ యాక్టర్', సైడ్ యాక్టర్ 'సపోర్టింగ్ యాక్టర్'. నచ్చిన ఒక్క డైలాగ్‌ని 'లైన్' అంటారు. 'పిక్చర్ సూపర్' అని ఆపేయకుండా, ఎందుకు నచ్చిందో ఒక్క కారణం చెప్పండి.

స్నేహితుల దగ్గర మన మాటలే మాట్లాడుకోండి, అవి తప్పేం కాదు. కానీ బాగా తెలిసిన విషయం దగ్గరే తడబడితే, తెలియనివాటిలో మిమ్మల్ని ఎవరు నమ్ముతారు? కథ, దర్శకుడు, నచ్చింది, నచ్చనిది... ఇవాళే నాలుగు వాక్యాలు రాసుకొని పైకి చదవండి.